లేని గడి

నా రిజిస్టరుకి ఎర్ర అట్ట.
మూడొందల పన్నెండు ఇళ్లు, తొమ్మిది గడులు:
ఇంటి నంబరు, పేరు, వయసు, దగ్గు, జ్వరం,
వేలి కొస మీద ఆక్సిజన్,
ఊరు దాటి వచ్చారా, ఎవరిని కలిశారు,
చివరిది, కాస్త వెడల్పుగా, రిమార్కులు.

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో
ఆ ఏప్రిల్లో సున్నం గీతలు గీసింది పెంచలయ్య.
టేపు లేదు. తన కాళ్లతోనే కొలిచాడు,
బస్తాకీ బస్తాకీ మధ్య రెండంగలు.
"ఇంత ఎడముంటే పాట యాడ వినపడద్దబ్బా?"
అన్నారు దళారులు.
వినపడింది.
మాస్కులు గడ్డం కిందికి దించి మరీ అరిచారు.
రిమార్కుల్లో రాసుకున్నాను:
ఎడం ఉంది. నోరు ఆగలేదు.

దర్గా వీధి మొదట్లో సరుగుడు కర్రలు కట్టారు.
రైసుమిల్లు వీధికి కట్టలేదు,
కర్రలు చాల్లేదని.
ఒకే ట్యాంకు నీళ్లు, ఒకే ఎండ,
ఒకే మైకు బండి రెండు వీధుల్లోనూ చేతులు కడుక్కోమని.
ఇరవై రోజులకి
రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూశాను.
ఇటు నలుగురు.
అటు ముప్పైయొక్కరు.
పరుగెత్తినట్టే వెళ్లాను డాక్టరమ్మ దగ్గరికి,
కర్రలే ఆపాయి మేడమ్, అని.
ఆవిడ ఆవిరి పట్టిన కళ్లద్దాలు తుడుచుకుంటా
"మిల్లు వీధిలో పెద్దకర్మ భోజనాలు జరిగాయి కదా ఎస్తేరూ,
కర్రలు లేకనా, ఆ పంక్తి వల్లనా,
దేన్ని లెక్కేస్తావ్?" అంది.

ఆ రాత్రి దోమతెరలో పడుకుని
అంకెల్ని అటూ ఇటూ దొర్లించాను.
పంక్తిలో కూర్చున్నవాళ్లని తీసేస్తే పదకొండు.
పదకొండు కూడా నాలుగు కాదు.
కానీ పదకొండు ముప్పైయొకటీ కాదు.

ఇంకోటి ఏ గడిలోనూ రాయలేదు.
మస్తాన్‌బీకి నొప్పులు మొదలైంది అర్ధరాత్రి దాటాక.
అంబులెన్సు కర్రల బయట, ఆమె కర్రల లోపల.
నైలాను తాడు, మంచుకి తడిసి బిగుసుకుంది.
ముడి గట్టిగా వెయ్యమని
సాయంత్రం చెప్పింది నేనే.
ఆమె మరిది పళ్లతో విప్పాడు.
పిల్ల బండిలోనే పుట్టింది, బతికింది.
మస్తాన్‌బీ నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు.

చెంగమ్మ సంగతి వేరే.
పద్నాలుగు రోజులు గడప దాటొద్దంటే
నాలుగో రోజుకే నిమ్మతోటలో తేలింది.
తిట్టడానికే పోయాను.
"దాటకుండా ఉంటానమ్మా, పొయ్యి మీదకి ఏదన్నా పంపించు" అంది,
ముల్లు గీసుకున్న చేతిని పైటకి తుడుచుకుంటా.
మర్నాడు బియ్యం, కందిపప్పు, అర లీటరు నూనె పోయాయి.
మిగిలిన పది రోజులూ
ఆ గడపలోనే కూర్చుని వచ్చేపోయేవాళ్లని కేకలేసింది.
పై ఆఫీసువాళ్లు అడిగారు, నోటీసు అంటించారా, అని.
అంటించాం సార్.
నోటీసు కాదు పనిచేసింది.

ఇప్పుడు మార్కెట్ పక్క కొట్లో టీ తాగేటప్పుడు
ఎవరో ఒకరు అంటానే ఉంటారు:
"ఏం చేసి ఏం లాభం, రావాల్సినోళ్లకి రానే వచ్చింది,
మీరంతా ఉత్త హడావిడి."
నేను రిజిస్టరు తెరిచి చూపించలేను.
వచ్చిన జ్వరాలన్నీ తేదీలతో సహా ఉన్నాయి అందులో,
పోయిన తొమ్మిది మందీ ఉన్నారు.
రాని జ్వరానికి గడి లేదు.
ఆ టీ గ్లాసు పట్టుకున్న చెయ్యే కావచ్చు,
బస్తా భుజానేసుకుని పోతున్న ఆ కుర్రోడే కావచ్చు,
వాడికీ తెలీదు, నాకూ తెలీదు.

సున్నం ఆ వానల్లోనే పోయింది.
మొన్న చూశాను,
హమాలీలు బస్తాలు ఇప్పటికీ రెండంగల ఎడంలోనే దించుతున్నారు.
ఎందుకని పెంచలయ్యని అడిగాను.
"తోపుడుబండి తిరగడానికి బాగుండాదంట" అన్నాడు.